సత్య నాదెళ్ల గారికి, ఏళాయిరంపన్నై నుంచి

మైక్రోసాఫ్ట్ సంస్థ అధిపతి సత్య నాదెళ్ల గారికి,



2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేశారు. ఆ ఏడాది దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. మధ్యలో ఆరు రోజులే. ఆ తేదీని మీరు చాలా ముందే ప్రకటించారని, మమ్మల్ని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదని నాకు తెలుసు. అయినా దేశంలో కాల్చే టపాకాయల్లో అత్యధిక భాగం తయారుచేసి పంపే మా ప్రాంతానికి ఏడాది మొత్తంలో ఊపిరి సలపని రోజులవి. చివరి సరుకు కదలాలి, బాకీలు రాబట్టాలి, కూలీలకు బోనస్ లెక్క కట్టాలి. ఈ పనులన్నీ ఆఫీసు మూలన ఉన్న ఒక కంప్యూటర్ మీద జరుగుతాయి. అది బాగానే పనిచేస్తోంది. దాన్ని డబ్బు పెట్టి కొన్నారు. విండోస్ ధర కూడా అందులోనే కట్టారు. అలాంటి కంప్యూటర్‌కు కాలం చెల్లిందని తీర్పు చెప్పే అధికారం ఎవరిదన్నదే ఈ లేఖలో నేను అడగబోయే విషయం.

మా ఊరు ఏళాయిరంపన్నై. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, వెంబకోట్టై తాలూకా. ఒకవైపు కోవిల్‌పట్టి, మరోవైపు సాత్తూరు, ఇంకాస్త దూరాన శివకాశి. నల్లరేగడి నేల, వాన పడితేనే పంట. ఆ వాన సరిగా పడకే ఇక్కడివాళ్లు అగ్గిపెట్టెల పనికీ, టపాకాయల పనికీ అలవాటుపడ్డారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టి తమిళంలో గొప్ప రచయితగా వెలిగిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష కూడా తెలుగే. మాలో చాలామందికి తెలుగు నోటికి వచ్చు గాని చేతికి రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. చిన్న చిన్న అగ్గిపెట్టెల యూనిట్లకు లెక్కలు రాయడం నా వృత్తి.

మీకు తెలుగులోనే రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. మీ నాన్నగారు బి.ఎన్. యుగంధర్ గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం. అదీ మా నేల లాంటి కరవు నేలే. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా, ముస్సోరిలో ఐఏఎస్ అకాడమీ డైరెక్టర్‌గా, ప్రణాళికా సంఘం సభ్యుడిగా ఆయన పల్లెల కోసం పనిచేశారు. ఒక కాగితం మీద పెట్టిన సంతకం వేల మైళ్ల అవతల ఎవరి ఇంట్లో ఏం మారుస్తుందో ఆలోచించడం ఆ ఉద్యోగంలో భాగం. మీ సంతకం అంతకంటే ఎక్కువ ఇళ్లకు చేరుతుంది.

మా దగ్గర కంప్యూటర్లు ఎలా ఉంటాయో ముందు చెప్పాలి. పెద్ద ఫ్యాక్టరీల సంగతి వేరు. చిన్న యూనిట్లో, లారీ బుకింగ్ ఆఫీసులో, జెరాక్స్ కొట్టులో, ఫారాలు నింపిపెట్టే చోట ఉండేది చాలావరకు సెకండ్ హ్యాండ్ యంత్రమే. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, మదురై నుంచో తెచ్చింది. ఏదో పెద్ద కంపెనీ వాడి వదిలేసిన డెస్క్‌టాప్, లోపల నాలుగో తరమో ఆరో తరమో ఇంటెల్ ప్రాసెసర్. పక్కన గరగరమంటూ బిల్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉంటుంది. జీఎస్టీ రిటర్నుల మీద సంతకం పెట్టే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ యూఎస్‌బీకి గుచ్చి ఉంటుంది. నెల 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుం. వేరే రాష్ట్రానికి పోయే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఇ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు. డ్రైవర్ బయట నిలబడి ఉంటాడు. ఆ సమయంలో యజమానికి కావలసింది ఒక్కటే. నిన్న ఎలా ఉందో యంత్రం ఇవాళ కూడా అలాగే తెరుచుకోవాలి.

ఇళ్లలో ఇంకో రకం ఉంది. 2011 సెప్టెంబర్‌లో జయలలిత గారి ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాప్ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల, కాలేజీల పిల్లలకు లక్షలాది యంత్రాలు అందాయి. అగ్గిపుల్లలు పెట్టెల్లో నింపే తల్లి ఇంట్లో కంప్యూటర్ అడుగుపెట్టింది అప్పుడే. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలకు పోయారు. లాప్‌టాప్ తమ్ముడికో, మేనకోడలికో వచ్చింది. బ్యాటరీ పోయినా కరెంటు తీగ గుచ్చి వాడుతూనే ఉన్నారు. ఇక్కడ వస్తువును పారేయరు. బాగుచేసి వాడతారు. అది పేదరికం వల్ల అనుకునేవారున్నారు. పేదరికం కొంత నిజమే. వస్తువు మీద గౌరవం కూడా అంతే నిజం.

ఇప్పుడు మీ వైపు నడిచిన చరిత్ర. నేను చెప్పేదంతా పత్రికల్లో వచ్చినదే, మీ సంస్థకు తెలిసినదే.

2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 వాడేవారికి ఏడాదిపాటు ఉచితం అన్నారు. అంతవరకు సంతోషమే. కానీ ఆ ఉచితాన్ని తీసుకోమని అడిగిన తీరు చూడండి. భద్రతా అప్‌డేట్లు వచ్చే దారిలోనే కేబీ3035583 అనే అప్‌డేట్ పంపి, స్క్రీన్ కింది మూలన ఒక గుర్తు పెట్టారు. అది పదేపదే గుర్తుచేస్తూ వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ఈ అప్‌గ్రేడ్‌ను 'సిఫారసు చేసిన' జాబితాలోకి మార్చారు. దాంతో ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకున్న యంత్రాల్లో అది దానంతటదే మొదలయ్యే పరిస్థితి వచ్చింది. అప్పటికి జియో ఇంకా రాలేదు. డేటాను జాగ్రత్తగా లెక్కపెట్టుకుని వాడుకునే రోజులు. కొన్ని గిగాబైట్ల ఫైలు అడగకుండా దిగితే నెల మొత్తం డేటా అయిపోయేది.

అదే ఏడాది మే నెలలో జరిగింది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. అప్‌గ్రేడ్ తేదీ చెప్పే కిటికీ వస్తే, మూలన ఉన్న క్రాస్ గుర్తు నొక్కి మూసేవాళ్లు. ఆ గుర్తుకు 'మూసెయ్' అని అర్థమని ప్రపంచానికి నేర్పింది విండోసే. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఆ ఒక్క గుర్తును నమ్ముకుని కంప్యూటర్ వాడతారు. అర్థం కానిది ఏది వచ్చినా ఆ మూలకు పోయి నొక్కితే చాలు, ప్రమాదం తప్పుతుందని వాళ్ల ధైర్యం. ఆ కిటికీలో మాత్రం క్రాస్ నొక్కినా అప్‌గ్రేడ్ తేదీ ఖాయమైనట్టే అయింది. వద్దన్నవాడి వేలిని ఒప్పుకోలు కింద లెక్కవేశారు.

కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకావిడ తన ఆఫీసు కంప్యూటర్ ఇలా అప్‌గ్రేడ్ మొదలై పనికిరాకుండా పోయిందని కోర్టుకెళ్లి 10,000 డాలర్లు గెలిచారు. మీ సంస్థ అప్పీలు వదులుకుని ఆ డబ్బు కట్టింది. జర్మనీలో బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రపు వినియోగదారుల సంస్థ కూడా పోరాడితే, అనుమతి లేకుండా అప్‌గ్రేడ్ ఫైళ్లు జనం యంత్రాల్లోకి దించబోమని 2017లో మాట ఇచ్చారు. 2016 డిసెంబర్‌లో మీ అప్పటి మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా గారు ఆ విషయంలో గీత దాటామని స్వయంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. పెద్ద సంస్థలు అంత సూటిగా మాట్లాడడం అరుదు.

అయితే ఆ పాఠం మీ సంస్థలో నిలబడలేదు. 2024లో విండోస్ 10 వాడేవారికి స్క్రీన్ నిండా నోటీసులు వచ్చాయి. విండోస్ 11కి మారండి, మీ యంత్రం దానికి సరిపోదు కాబట్టి కొత్తది కొనండి అని. ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో మీకు తెలుసు. మైక్రోసాఫ్ట్ 365కి కోపైలట్ అనే ఏఐ సహాయకాన్ని కలిపి ధర పెంచి, కోపైలట్ లేని పాత పథకం ఇంకా ఉందన్న సంగతి చెప్పకుండా దాచారని, సుమారు 27 లక్షల మందిని తప్పుదారి పట్టించారని అక్కడి వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబర్‌లో దావా వేసింది. నవంబర్‌లో మీరు క్షమాపణ చెప్పి, డబ్బు తిరిగి తీసుకునే అవకాశం ఇచ్చారు. 2016కీ 2025కీ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. వద్దనే దారి కంటికి కనబడకుండా పెట్టే అలవాటు మాత్రం పోలేదు.

మా ఊళ్లో మందుగుండు పని చేసే లైసెన్సు ఉన్న ఆవరణలో ఒక గోడ మార్చాలన్నా ముందు లైసెన్సు ఇచ్చిన అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. మార్పు మంచికే అయినా సరే. లోపల పనిచేసేవాళ్లు ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలిగి ఉండాలి కాబట్టి ఆ నియమం. ముందు అడగడం, తర్వాత మార్చడం అనే వరస మాకు ప్రాణాలతో ముడిపడిన విషయం. కంప్యూటర్ పేలదు. కానీ ఒక యూనిట్ లెక్కలన్నీ దానిలోనే ఉంటాయి. దానిలో తలుపు ఎటు తెరవాలో నిర్ణయించేది కొన్నవాడే కావాలి.

అప్‌డేట్లు అసలు వద్దని నేను అనడం లేదు. వాటి విలువ తెలియక రాయడం లేదు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపగలిగే ప్యాచ్‌ను మీరు మార్చిలోనే ఇచ్చారు. వేసుకున్నవాళ్లు బతికారు. ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ఆ మేలో మీరు ప్యాచ్ ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు. అప్‌డేట్ అవసరమే కాబట్టి దాని పేరు చెప్పి వేరే సరుకు అంటగట్టకూడదంటున్నాను. ఒకే గొట్టంలో భద్రతా ప్యాచ్, కొత్త విండోస్, ప్రకటన, అడగని కొత్త యాప్ అన్నీ పంపితే మా వైపు మనిషి ఏం చేస్తాడో తెలుసా? గొట్టమే కట్టేస్తాడు. సర్వీసెస్ లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ ఆపేయమని మెకానిక్‌ను అడుగుతాడు. మెకానిక్ ఆపేసి 100 రూపాయలు తీసుకుంటాడు. ఇది ఇక్కడ మామూలు పని. ఆ యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డు ఉంది, కూలీల ఆధార్ నకళ్లు ఉన్నాయి. నమ్మకం పోగొట్టిన తొందరపాటు వల్ల ఆ యంత్రం తలుపులు తెరిచిన ఇల్లయింది. ఇందులో తప్పు మెకానిక్‌ది కాదు.

అచ్చు పనివాళ్ల బాధ ఇంకో రకం. శివకాశిలో క్యాలెండర్లు అచ్చయ్యేది తమిళంలో మాత్రమే కాదు, ఆంధ్ర, తెలంగాణ దుకాణాల వాళ్లకు తెలుగులో కూడా. తెలుగు డీటీపీ ఎన్నో ఏళ్లు పేజ్‌మేకర్ మీద, 'అను' ఫాంట్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. పెళ్లి పత్రికలు, పంచాంగాల పేజీలు, చిన్న పత్రికల పాత సంచికలు అన్నీ ఆ పాత ఫైళ్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్ లేని చోట తెరిస్తే తెలుగు అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. అందుకే విజయవాడలోనూ, హైదరాబాద్‌లోనూ, శివకాశిలోనూ ప్రెస్సువాళ్లు ఒక పాత యంత్రాన్ని కదపకుండా కాపాడుకుంటారు. అది వాళ్ల బీరువా. దాన్ని వాళ్లు మార్చుకుంటారు, ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి తెచ్చుకున్నాక, వాళ్ల వీలును బట్టి. ఆ పనికి నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు.

ఇక విండోస్ 11. ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలన్నారు. టీపీఎం వల్ల భద్రత పెరుగుతుందని నేను ఒప్పుకుంటాను. కొత్తగా అమ్మే యంత్రాల్లో తప్పనిసరి చేయండి. కానీ ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చిందే 2017లో. అంతకు ముందు ఏడాది కొత్తది కొన్నవాడికి 2021 అక్టోబర్ 5న, అంటే విండోస్ 11 విడుదలైన రోజున, తన యంత్రం ఐదేళ్లకే వెలివేసిన జాబితాలో కనిపించింది. పైగా 2015లో మీ ఇగ్నైట్ సభలో మీ ఉద్యోగి ఒకరు విండోస్ 10 ఆఖరి విండోస్ అన్నట్టు మాట్లాడారు. ఆ మాట ప్రపంచమంతా పాకినా మీ సంస్థ దాన్ని గట్టిగా ఖండించలేదు. జనం నమ్మి కొన్నారు.

ఇలా విండోస్ 11కి నోచుకోని యంత్రాలు ప్రపంచంలో 24 కోట్లని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ అంచనా వేస్తే, 40 కోట్ల దాకా ఉంటాయని అమెరికాలోని పీఐఆర్‌జీ అనే ప్రజాప్రయోజన సంస్థ చెప్పింది. అంచనాల్లో తేడా ఎంత ఉన్నా, చిన్నదైన 24 కోట్లు చాలు. ఆ చెత్త చివరికి ఎక్కడికి చేరుతుందో మన దేశంలో అందరికీ తెలుసు. సర్క్యూట్ బోర్డులను చేతులతో విడదీసే వాళ్ల ఇళ్ల ముందుకు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటుంది. విండోస్ 10కి ప్యాచ్‌లు రాయడం మీరు ఆపలేదు. ఆ పని జరుగుతూనే ఉంది. కంపెనీలు మొదటి ఏడాదికి యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు చొప్పున కట్టుకుంటే 2028 అక్టోబర్ దాకా ఇస్తారు. ప్రత్యేక యంత్రాల కోసం అమ్మే ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే విండోస్ 10 రకానికి 2032 జనవరి దాకా మద్దతు ఉంది. అంటే మందు తయారై ఉంది, తయారవుతూ ఉంటుంది. దాన్ని ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నదే మిగిలిన నిర్ణయం. ప్యాచ్ పూడ్చేది మీరు రాసిన కోడ్‌లోని లోపాన్ని. కొన్నవాడు పెట్టిన రంధ్రం కాదది. అమ్మినవాడి లోపం సరిచేయడానికి కొన్నవాడు మళ్లీ డబ్బు కట్టడం ఏ సంతలోనూ న్యాయం అనిపించుకోదు.

ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 దాకా గడువు ఇచ్చారు. బాగుంది. కానీ షరతులు చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి 30 డాలర్లు కట్టాలి, అంటే మన డబ్బులో రెండున్నర వేలకు పైనే. మా దగ్గర సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ధరలో అది పెద్ద భాగం. లేదా 1,000 రివార్డ్ పాయింట్లు కూడబెట్టుకోవాలి. లేదా సెట్టింగులను మీ క్లౌడ్‌కు బ్యాకప్ చేయాలి. మూడోది ఉచితం అంటారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు ఈ షరతు మీద గట్టిగా నిలదీశాయి. ఫలితంగా 2025 సెప్టెంబర్‌లో యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలోని వారికి ఆ బ్యాకప్ షరతు తీసేశారు. డబ్బు అక్కర్లేదు, బ్యాకప్ అక్కర్లేదు, అప్పుడప్పుడు ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలు.

ఇక్కడ మాత్రం ఆ షరతు అలాగే ఉంది. పారిస్‌లో ఉన్న విండోస్ 10కీ వెంబకోట్టైలో ఉన్న విండోస్ 10కీ కోడ్‌లో తేడా లేదు. వాళ్లకు ఇచ్చినప్పుడు మీ సంస్థ కూలిపోలేదు. తేడా ఎక్కడుందంటే, వాళ్లకు డిజిటల్ మార్కెట్స్ చట్టం ఉంది, దాన్ని పట్టుకుని అడిగే సంఘాలున్నాయి. మేమూ అడుగుతున్నాం.

ఖాతా విషయం చిన్నదిగా కనిపించవచ్చు. మా చోట చిన్నది కాదు. ఒక యూనిట్ ఆఫీసులో ఒకే కంప్యూటర్‌ను యజమాని, గుమాస్తా, సాయంత్రం వచ్చే నాలాంటి లెక్కలవాళ్లు వాడతారు. ఖాతా ఎవరి పేరున తెరవాలి? సాధారణంగా గుమాస్తా ఫోన్ నంబరుతో తెరుస్తారు. అతను పని మానేసి తిరుప్పూరు పోతే ఆ నంబరూ పోతుంది, పాస్‌వర్డూ పోతుంది. అప్పుడు కొన్న యజమానే తన యంత్రం ముందు పరాయివాడు. ఇంటర్నెట్ లేకుండా, ఖాతా లేకుండా యంత్రాన్ని తెరిచే దారి పాత విండోస్‌లో ఉండేది. విండోస్ 11లో దాన్ని ఒక్కొక్క మెట్టుగా మూస్తూ వచ్చారు. దయచేసి తెరవండి.

మన దేశంలోనూ చట్టం నిద్రపోవడం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. మొత్తం 13 రకాల మోసపు పద్ధతులు అందులో ఉన్నాయి. విసుగు పుట్టేదాకా పదేపదే అడగడం, ఇష్టం లేని పని బలవంతంగా చేయించడం, లేని తొందర సృష్టించడం, వద్దనే దారిని కనబడకుండా అమర్చడం అన్నీ వాటిలోవే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఐఫోన్లు సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదుల మీద 2025 జనవరిలో ఇదే సంస్థ యాపిల్‌కు నోటీసు ఇచ్చిందని మంత్రి ప్రహ్లాద్ జోషి గారు ప్రకటించారు. ఇటలీలో 2018లోనే ఈ తరహా అప్‌డేట్ల మీద యాపిల్‌కూ శాంసంగ్‌కూ జరిమానాలు పడ్డాయి. కాబట్టి నేను అడిగేది కొత్త వింత కోరిక కాదు. ఈ లేఖ నకలు ఢిల్లీలోని వినియోగదారుల రక్షణ సంస్థకు కూడా పంపుతున్నాను. ఇది చదివే తెలుగువాళ్లు ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఎదురైతే, స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఒక్కొక్కరూ తమలో తాము విసుక్కుంటే ఢిల్లీకి తెలియదు.

అంత కష్టంగా ఉంటే లినక్స్‌కు మారొచ్చుగా అని మీ ఇంజనీర్లు అనవచ్చు. మారినవాళ్లున్నారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కష్టపడింది. 2014లో ఎక్స్‌పీకి మద్దతు ఆగినప్పుడు మా రాష్ట్ర ప్రభుత్వం తన శాఖలకు సీ-డాక్ చెన్నైలో తయారుచేసిన బాస్ లినక్స్ వాడమని సూచించింది. ఉచిత లాప్‌టాప్‌లు కూడా మొదట్లో విండోస్, బాస్ రెండింటితో వచ్చాయి. ఇంట్లో చదువుకునే పిల్లకు ఇవాళ నేను కూడా లినక్సే వేయమంటాను. కానీ లెక్కల గదిలో అంత సులభం కాదు. ట్యాలీ విండోస్ కోసమే తయారైంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల డ్రైవర్లతో లినక్స్‌లో తలనొప్పి తప్పదు. నాకంటే మీకే బాగా తెలుసు, ముప్పై ఏళ్లుగా ప్రపంచం మీ చుట్టూ తన పనిని అల్లుకుంది. దాని లాభం మీరు పొందారు. దానితో వచ్చే బాధ్యత కూడా మీదే.

నా కోరికలు పెద్దవి కావు. వద్దు అనే బటన్, సరే అనే బటన్ ఒకే సైజులో, పక్కపక్కన ఉండాలి. ఒకసారి వద్దంటే ఆ మాట యంత్రం గుర్తుంచుకోవాలి, వారం తర్వాత మళ్లీ అడగకూడదు. ఆ నోటీసు తెలుగులో, తమిళంలో కూడా రావాలి. ఏమడుగుతున్నారో తెలియకుండా ఇచ్చిన ఒప్పుదల చెల్లదు కదా. భద్రతా ప్యాచ్‌లు వేరే దారిలో, మరేదీ కలపకుండా రావాలి. స్క్రీన్‌ను ఫోటోలు తీసి దాచుకునే రీకాల్ విషయంలో 2024లో విమర్శలు వచ్చాక, కావాలన్నవారే ఆన్ చేసుకునేలా మీరు మార్చారు. అంటే మీకు చేయడం వచ్చు. అదే పద్ధతి అన్నిటికీ పెట్టండి.

కొత్త కంప్యూటర్ పెట్టె మీద, మందు సీసా మీద ఉన్నట్టు, ఏ ఏడాది దాకా ప్యాచ్‌లు వస్తాయో అచ్చు వేయించండి. తయారుచేసే కంపెనీలను మీరు అడిగితే వాళ్లు కాదనరు. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ కొనేవాడు కూడా ఆ తేదీ చూసి బేరం ఆడతాడు. 2025-26 బడ్జెట్‌లో మా రాష్ట్ర ప్రభుత్వం రెండేళ్లలో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు లాప్‌టాప్‌లు లేదా ట్యాబ్‌లెట్లు ఇస్తామని ప్రకటించింది. వాటి ఆయుష్షు ఎంతో ఆ పిల్లలకు తెలియాలి.

అన్నిటికంటే ముందు కావలసింది యూరప్‌కు ఇచ్చిన సడలింపు మాకూ ఇవ్వడం. బ్యాకప్ షరతు లేకుండా, డబ్బు లేకుండా. 2026 అక్టోబర్ 13తో ఆగిపోకుండా, కంపెనీలకు ఇస్తున్నట్టే 2028 దాకా. దానికి కొత్త కోడ్ రాయనక్కర్లేదు, కొత్త ఫ్యాక్టరీ కట్టనక్కర్లేదు. ఒక దేశాల జాబితాలో ఇంకో పేరు చేర్చాలి.

మీ జవాబు తెలుగులో వస్తే ఇక్కడ చదివి వినిపిస్తాను. ఇంగ్లీషులో వస్తే తమిళంలోకీ తెలుగులోకీ మార్చి, మా యూనిట్ల వాళ్లకూ శివకాశి ప్రెస్సు వాళ్లకూ పంపిస్తాను. మిగతావాటికి సమయం కావాలంటే తీసుకోండి. యూరప్ షరతు సంగతి మాత్రం ముందు చెప్పండి.

ఇట్లు,
ఏళాయిరంపన్నైలో లెక్కలు రాసుకునే ఒక తెలుగు మనిషి